పెద్ద తొట్టికి చిన్న చేపలు: పోచంపల్లి నీళ్ళకు తలకిందుల సలహాలు

పెద్ద అక్వేరియం కొన్నవాళ్ళకు నా మొదటి సలహా, నెల రోజుల పాటు అందులో చేపలు వేయకండి. రెండోది, వేసేటప్పుడు కూడా పెద్ద చేపల జోలికి పోకండి. మూడోది, కనిపించిన రకమల్లా తేకుండా రెండు మూడు రకాలతో ఆగండి. ఈ మాటలు దుకాణంలో చెబితే వింతగా చూస్తారు. ఆరడుగుల తొట్టి కొని రెండంగుళాల చేపలేమిటని ఇంటికొచ్చిన చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. నా సలహాలు అంగట్లో వినపడే వాటికి ఎదురుగానే ఉంటాయి. ప్రతిదీ నమ్మే చెబుతున్నాను, ఎందుకంటే చేపల మధ్య పొత్తు కుదరక పోయే ప్రాణాలు మాట్లాడలేని ప్రాణాలు.

చేపను ఎంచుకునే ముందు మీ ఇంటి నీళ్ళేమిటో తెలుసుకోండి. పోచంపల్లి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళినా, నేల మాత్రం పాత నల్గొండ నేలే. రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు. కాచిన గిన్నె అడుగున తెల్లటి సుద్ద కడుతుంది, సబ్బు నురగ రాదు. ఫ్లోరైడ్ సంగతి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడిందంటేనే ఈ నీళ్ళ చరిత్ర అర్థమవుతుంది. అలాంటి నీళ్ళలోకి అమెజాన్ అడవి వాగుల్లోంచి వచ్చిన నియాన్ టెట్రాను, డిస్కస్‌ను దించడమంటే వాటిని రోజూ పరీక్షకు పెట్టడమే. వాటి సొంత నీళ్ళు మెత్తనివి, కాస్త ఆమ్లపు పాలున్నవి.

దుకాణంలో దీనికి మందు సిద్ధంగా ఉంటుంది. ఆర్వో మిషన్ పెట్టుకోండి, పీహెచ్ తగ్గించే సీసా పోయండి అంటారు. రెండూ వద్దు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో నిండుగా పోస్తే దాదాపు 680 లీటర్లు పడతాయి. వారానికి పావు వంతు మార్చినా 170 లీటర్ల ఆర్వో నీళ్ళు కావాలి. వాటిని తీయడానికి ఇంటి ఆర్వో అంతకు రెండు మూడింతల నీటిని మోరీలోకి వదులుతుంది. తాగునీటికి ఇన్నేళ్ళు అల్లాడిన జిల్లాలో ఒక చేప ముచ్చట కోసం ఆ పని చేయడం నాకు సమ్మతం కాదు. పీహెచ్ సీసా సంగతి ఇంకా అధ్వానం. గట్టి నీళ్ళలోని కార్బొనేట్లు పీహెచ్‌ని మళ్ళీ పైకి లాగేస్తాయి, చేప ఆ ఊగులాటలో నలిగిపోతుంది. నీళ్ళను మార్చకండి. ఆ నీళ్ళలో హాయిగా ఉండే చేపను తెచ్చుకోండి. పటిక వేసి తేరబెట్టే అలవాటు కూడా తొట్టి దగ్గర వద్దు, నీటికి నిలకడనిచ్చే క్షారగుణాన్ని పటిక తినేస్తుంది.

ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో లేచింది మన పక్కనున్న చౌటుప్పల్‌లోనే. ఆ నల్లా నీళ్ళు వాడేవారు క్లోరిన్ సంగతి మరవకూడదు. ఒక రోజంతా డ్రమ్ములో మూత లేకుండా ఉంచి, గాలి మోటారు పెట్టాలి. లేదా దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే హైపో చుక్కలు కొలత ప్రకారం వేయాలి. మురుగు మోసుకొచ్చే మూసీ పారకం ఉన్న కాలువ నీళ్ళు మాత్రం ఎంత తేటగా కనిపించినా తొట్టిలోకి రాకూడదు. జూలూరు–రుద్రవెల్లి దగ్గర మూసీని చూసినవారికి కారణం చెప్పనక్కర్లేదు. మురుగులో పెరిగే ఎర్ర పురుగుల్ని తిండిగా వేయడం కూడా అంతే ప్రమాదం.

ఇక నెల రోజుల ఖాళీ తొట్టి సంగతి. నా సలహాల్లో దీన్నే అందరూ ముందుగా తోసిపుచ్చుతారు. చేపల మలమూత్రాల్లోంచి, మిగిలిన తిండిలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది నీళ్ళు మారుస్తూ పోతే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అదే చేపలు, అదే తిండి, అదే నిర్లక్ష్యం ఇంకో ఊరి మెత్తటి నీళ్ళలో చెల్లిపోవచ్చు. బోరు నీళ్ళలో చెల్లదు. కాబట్టి ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనివ్వండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి గుంపును దించండి.

ఆ నెల వృథా కాదు. పోచంపల్లిలో చీర డిజైను మగ్గం మీద పుట్టదు. ఆసు పోసి, చిటికి కట్టి, రంగుల్లో ముంచినప్పుడే ఏ పువ్వు ఎక్కడ పడాలో తేలిపోతుంది, మగ్గమెక్కాక మార్చుకోలేం. తొట్టి కూడా అంతే. ఏ రకం, ఎన్ని, ఏ వరుసలో అన్నది కాగితం మీద తేల్చుకునే దుకాణం మెట్లెక్కండి. ముచ్చటపడి కొన్న ఒక్క చేప కుదురుకున్న గుంపునంతా చెడగొడుతుంది.

కాగితం మీద రాసేటప్పుడు చేప ఇవాళ ఎంతుందో కాదు, పెరిగాక ఎంతవుతుందో రాయండి. 'షార్క్' అంటూ అమ్మే వేలెడు చేప నిజానికి పంగాసియస్. చేపల బజారులో ముక్కలు కోసి అమ్మేది కూడా దాన్నే. అది మీటరు దాటి పెరిగే జాతి. 'సక్కర్' పేరుతో, తొట్టి శుభ్రం చేస్తుందని చెప్పి ఇచ్చేది అడుగున్నర దాకా పోతుంది, అది తుడిచే పాచి కంటే వేసే మలమే ఎక్కువ. ఆస్కార్ అడుగు పొడవు అవుతుంది. అంగుళం చేపకు ఒక గ్యాలన్ నీళ్ళు చాలన్న లెక్కను నమ్మకండి. పొడవు పది రెట్లయితే బరువు ఇంచుమించు వెయ్యి రెట్లవుతుంది. అడుగు చేప ఒక్కటి, అంగుళమున్న పన్నెండు చేపలతో సమానం కాదు, దాని తిండీ వేరు, అది వేసే మురికీ వేరు. పెద్ద తొట్టికి చిన్న చేపలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంకో కారణం నోరు. ఒక చేప నోట్లో ఇంకో చేప పడుతుందంటే, అది ఇవాళ కాకపోతే రేపు పడుతుంది. ఏంజెల్ చేప శాంత స్వభావి అని పేరు, రాత్రికి రాత్రి నియాన్లను మింగేది కూడా అదే. ఇందులో దాని దుర్మార్గమేమీ లేదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనును ఎంత అభిమానించినా ఈ కారణంగానే ఇంకే చేపతోనూ కలపలేం. పైగా అది గాలి పీల్చుకునే చేప, మూత సందులోంచి ఎగిరి నేలమీద పడుతుంది.

చేపలను కలపడంలో మన చెరువు పనివాళ్ళకు మించిన గురువులు లేరు. ముదిరాజ్, గంగపుత్ర సంఘాల వాళ్ళు చెరువులో పిల్లలను వదిలేటప్పుడు బొచ్చె, రవ్వ, మోసు కలిపి వదులుతారు. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, రవ్వ నడిమి నీళ్ళలో, మోసు అడుగున. ఒకదాని మేత ఇంకోదానికి అడ్డురాదు. గాజు తొట్టికి కూడా ఇదే సూత్రం. దుకాణాల్లో గోడకు అంటించిన ఎరుపు–పచ్చ పొత్తు పట్టికలు ఈ సంగతి చెప్పవు. పట్టికలో పచ్చగా ఉన్న నాలుగు జాతులూ అడుగునే బతికేవైతే, పైన ఖాళీ ఉన్నా కింద కొట్లాటే.

జతలుగా కొనకండి. మనకు ఏదైనా జతగా కొనడం ఇష్టం, ఒక జత టైగర్ బార్బ్, ఒక జత టెట్రా, ఒక జత గోల్డ్ ఫిష్. ఇంతకంటే చెడ్డ ఎంపిక లేదు. టైగర్ బార్బ్‌లు రెండుంటే పక్క చేపల తోకలు కొరుకుతాయి. పన్నెండుంటే తమలో తాము తరుముకుంటూ మిగతావాటిని చాలావరకు వదిలేస్తాయి. గుంపు చేపకు గుంపే ధైర్యం. గప్పీ, మోలీ, ప్లాటీల్లో మగవి ఆడవాటిని ఊపిరి సలపనివ్వవు, కాబట్టి ఒక మగదానికి మూడు ఆడవి చొప్పున తీసుకోండి. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ళను కోరేది, విపరీతంగా మురికి చేసేది. దాన్ని ఉష్ణప్రాంతపు చేపల మధ్య పెట్టకండి.

వాస్తు కోసం ఫ్లవర్ హార్న్‌నో అరోవానానో ఈశాన్యంలో పెట్టమంటారు. మీ నమ్మకాన్ని నేను కాదనను. ఆ చేపకు సొంత తొట్టి ఇచ్చి, ఒంటరిగా ఉంచండి. ఫ్లవర్ హార్న్ 1990ల్లో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన చేప, తన తొట్టిలోకి ఇంకెవరినీ రానివ్వదు. 'చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగితే అలవాటవుతుంది' అనే మాటను అసలు నమ్మకండి.

రంగుల గురించి పోచంపల్లి వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రంగు నూలుకీ పట్టుకీ వేసేది, ప్రాణానికి కాదు. ఒళ్ళు అద్దంలా ఉండి వెన్నెముక కనిపించే చిన్న చేప మన ఉపఖండపు నీళ్ళదే. దానికి సూదితో రంగు ఎక్కించి గులాబీ, పచ్చ గీతలతో అమ్ముతారు. ఆ గాయాలతో చాలా చేపలు చస్తాయి, బతికినవాటి రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. అలాంటి చేప ఎంత ముద్దొచ్చినా కొనకండి. మీరు కొనకపోతేనే ఆ పని ఆగుతుంది. ఇంట్లో రంగుల పని చేసేవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. రంగులు కాచే గదిలో తొట్టి పెట్టకూడదు. హైడ్రోస్ వాసన ఉన్న గాలినే గాలి మోటారు పీల్చి నీళ్ళలోకి నెడుతుంది. రంగు ముట్టిన బకెట్టు, గరిటె తొట్టి నీళ్ళను తాకకూడదు. మగ్గం పక్కన కూడా వద్దు, పలక దెబ్బల అదురు చేపకు ఒంటి పక్క గీత వెంట తెలుస్తూనే ఉంటుంది.

ఇంతకీ ఏం వేయాలి? పోచంపల్లి బోరు నీళ్ళతో నింపిన ఆరడుగుల తొట్టికి నేనైతే పైనీళ్ళలో జెయింట్ డానియోలు పదిహేను, నడిమి నీళ్ళలో రోజీ బార్బ్‌లు ఇరవై, అడుగున బోటియా లోచ్‌లు ఆరు వేస్తాను. అంతే, మూడు రకాలు. మూడూ ఈ ఉపఖండపు చేపలే. చెరువు పరకల్లో కనిపించే చిన్న బార్బ్‌లకు రోజీ బార్బ్‌లు దగ్గరి చుట్టాలు. దుకాణపు తొట్టిలో పాలిపోయి కనిపిస్తాయి గనక ఎవరూ వాటిని అడగరు. మగ రోజీ బార్బ్ కుదురుకుని, ఆడదాని చుట్టూ తిరిగే రోజున ఒళ్ళంతా రాగి ఎరుపు తిరుగుతుంది. ఆ ఎరుపు చూశాక ఫ్లవర్ హార్న్ గుర్తు రాదు. పొడవు తోకల గప్పీలను మాత్రం వీటితో కలపొద్దు, కొరికేస్తాయి. గప్పీలే కావాలంటే తొట్టంతా మోలీ, ప్లాటీ, గప్పీలకే ఇచ్చేయండి. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన ఈ చేపలకు మన గట్టి నీళ్ళు హాయి.

దించాక ఫిల్టరును మెరిసేలా కడగకండి. స్పాంజిని నల్లా కింద రుద్దితే నెల రోజులు పెంచిన బ్యాక్టీరియా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి పిండి మళ్ళీ పెట్టండి. తిండి తక్కువ వేయండి, వారానికో పూట పస్తు పెట్టినా నష్టం లేదు. ఎండాకాలం మాత్రం అశ్రద్ధ వద్దు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు కావాల్సింది పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోతే నిమిషాలు లెక్కే, బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఇంట్లో ఉండాలి. తొట్టి కొనేటప్పుడే ఎత్తు కంటే వెడల్పు చూడమనేది కూడా ఇందుకే. ఆక్సిజన్ చేరేది నీటి పైభాగం నుంచే.

హైదరాబాద్ దుకాణాలకు చేపలు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో సంచుల్లో ప్రయాణించి వస్తాయి. ఎంత నమ్మకమైన చోట కొన్నా, కొత్తవాటిని మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచాకే పెద్ద తొట్టిలో కలపండి. తెల్ల చుక్కల జబ్బు బయటపడేది ఆ రోజుల్లోనే.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక చేప తొట్టికి మించి పెరుగుతుంది. దాన్ని చెరువులో వదిలితే పుణ్యమనుకునేవాళ్ళున్నారు. వదలకండి. తొట్లలోంచి బయటపడ్డ సక్కర్ జాతి చేపలు ఇప్పుడు మన చెరువుల్లో, వాగుల్లో తిరుగుతున్నాయి. మత్స్యకారులు వాటిని దెయ్యం చేపలంటున్నారు. ముళ్ళ రెక్కలతో వలలు చీరేస్తాయి, తినడానికీ అమ్మడానికీ పనికిరావు. నీళ్ళలోని డీఎన్ఏ ఆనవాళ్ళతో వాటి జాడ కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారు చేయాల్సి వచ్చింది. పెరిగిపోయిన చేపను కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, డబ్బు అడగకండి. అక్కడ తీసుకోకపోతే పెద్ద తొట్టి ఉన్న ఇంకో ఇల్లు వెతకండి. దొరికేదాకా మీ దగ్గరే, వేరే తొట్టిలో ఉంచండి.