పగులు చూసినవాడికే వాత

విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ పెద్దలు సెలవిచ్చారు: ఉపసంహరించుకున్న పరిశోధన పత్రాలుంటే ఆ విద్యాసంస్థకు ర్యాంకుల లెక్కలో మైనస్ మార్కులట. చదవగానే నాకు మా జంషెడ్‌పూర్ మీద జాలేసింది. ఇంత గొప్ప సూత్రం 2025 దాకా ఎవరికీ తట్టక, 1912లో తొలి ఉక్కు దిమ్మె పోసినప్పటి నుంచీ మావాళ్లు పాపం పరీక్షలు చేసుకుంటూ కూర్చున్నారు!

ఇక్కడి పద్ధతి చూడండి. కొలిమి నుంచి దిగిన ప్రతి విడతకీ ఒక హీట్ నంబరు. కడ్డీ ముక్క కోసి, మీద రెండు గుర్తులు గీసి, మిషన్‌కు తగిలించి లాగుతారు. నడుము సన్నబడి ఠప్పున తెగుతుంది. తెగిన ముక్కలు రెండూ మళ్లీ ఆనించి, గుర్తుల మధ్య ఎంత సాగిందో కొలుస్తారు. నమ్మకం లేనివాడు అదే నంబరు సరుకును ఇంకో ల్యాబులో లాగించుకోవచ్చు.

ఎంత దండగ! కొత్త సూత్రం ఇక్కడా పెట్టేద్దాం. వెనక్కి తెప్పించిన ప్రతి ఉక్కు ప్లేటుకూ కొలిమికో మైనస్ మార్కు. మర్నాటి నుంచి ఒక్క ప్లేటు వెనక్కొస్తే ఒట్టు! లాగే మిషన్‌కు షోకాజ్ నోటీసు. పగులు చూసిన ఇన్‌స్పెక్టర్‌కు బదిలీ. "నా లెక్క తప్పింది, ఆ హీట్ వాడకండి" అని తనంతట తనే ఫోన్ చేసిన ఫోర్‌మన్‌కూ, సర్టిఫికెట్‌లో దొంగ అంకె వేసినవాడికీ ఒకటే వాత. హీట్ నంబరడిగితే రహస్యం. ముక్క చూపించమంటే, "కంప్యూటర్ పాడైందండీ."

మా ఊరి బర్మామైన్స్‌లో జాతీయ లోహ ప్రయోగశాల ఉంది. అక్కడ లోహాన్ని వేడిలో బరువుకు వేలాడదీసి, ఎంత సాగుతుందో ఏళ్ల తరబడి చూస్తారు. ఆ కడ్డీలూ దించేద్దాం. లక్ష గంటల పరీక్షంటే పదకొండేళ్ల పైమాటే. ఈలోగా పదకొండు ర్యాంకుల జాబితాలు దాటిపోతాయి! మా ఊరి మానగో వంతెన ఎక్కేవాళ్లు మాత్రం కాస్త మెల్లగా అడుగులేయండి.

నవ్వింది చాలు. దొంగ పత్రానికి శిక్ష పడాల్సిందే. కానీ తప్పు బయటపడితేనే మార్కు కోస్తామంటే, ఏ సంస్థ తన తప్పు తాను వెతుక్కుంటుంది? దొరికితేనే దొంగ అనే ఊళ్లో అందరూ దొరలే. ముడి డేటా నలుగురి ముందూ పెట్టినవాడికి ప్లస్ మార్కేదీ? పక్కవాడి ప్రయోగం మళ్లీ చేసి చూసినవాడికేదీ? "అంకెలు పొసగట్లేదు సార్" అన్న పిల్ల పీహెచ్‌డీ ఆగిపోతే ఆ మైనస్ ఎవరి ఖాతాలో వేస్తారు?

రెండు గదుల ఇల్లు కట్టుకునేవాడు కూడా కడ్డీకి టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతాడు. మా పన్నులతో చేసిన పరిశోధనకు అదే అడిగితే మీకు తలవంపులా? ర్యాంకులు మీరే ఉంచుకోండి. తెగిన ముక్కలు బల్ల మీద పెట్టండి. మేం కొలుచుకుంటాం.