ఇరవై శాతం

మా పెద్దమ్మ కూతురు తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుంది. పెళ్లికి ముందు కొన్నాళ్లు రాజంపేట వైపు పల్లెల్లో పశువుల డాక్టరమ్మగా చేసింది. కడుపులో అడ్డం తిరిగిన దూడను అర్ధరాత్రి టార్చిలైటు వెలుతురులో చెయ్యిపెట్టి సరిచేసి బయటికి తీసిన మనిషి. టెక్సాస్ వచ్చాక ఆ డిగ్రీ పెట్టెలోనే ఉండిపోయింది. ఇండియాలో చదివినవాళ్లు ఇక్కడ పశువైద్యం చెయ్యాలంటే మళ్లీ వరసగా పరీక్షలు రాయాలి. ప్రాక్టికల్స్ కూడా గట్టెక్కాలి. దానికయ్యే ఖర్చూ, పట్టే కాలమూ ఇద్దరు పిల్లల తల్లికి తేలికైన సంగతి కాదు.

పైగా అక్కది భర్త వీసా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా. 2015 మే నెల దాకా ఆ వీసా మీదున్న భార్యలు ఇక్కడ ఒక్క డాలరు కూడా సంపాదించడానికి వీల్లేదు. ఆ ఏడాది నిబంధన మారింది. భర్త గ్రీన్‌కార్డు అర్జీ ఒక మెట్టు దాటితే భార్య కూడా పని చేసుకోవచ్చన్నారు. ఇంజనీర్లు, లెక్చరర్లు, డాక్టర్లు అయ్యుండీ ఏళ్ల తరబడి వంటింట్లో ఉండిపోయిన మన ఆడవాళ్లు ఎందరో ఆ పని అనుమతి కార్డు చేతికొచ్చిన రోజున ఏడ్చారు. అక్క ఏడవలేదు. మర్నాడే వెళ్లి ఒక గ్రూమింగ్ షాపులో చేరింది.

గ్రూమింగ్ అంటే కుక్కకు స్నానం చేయించి, సెంటు కొట్టి, మెడకు రిబ్బను కట్టడం అనుకుంటారు చాలామంది. అక్క చేతిలో అది సగం వైద్యం. గోల్డెన్‌డూడుల్ లాంటి ఉంగరాల జుట్టు కుక్కలకు చెవుల వెనక, చంకల్లో జుట్టు అట్టలు కట్టి చర్మాన్ని పట్టి లాగేస్తుంది. ఆ అట్ట కింద పుండు పడినా పైకి కనపడదు. గోరు కాస్త లోపలికి కత్తిరిస్తే రక్తం కారుతుంది, ఆ కుక్క ఇక జన్మలో కాలు చేతికివ్వదు. పగ్ లాంటి పొట్టిముక్కు కుక్కను వేడిగాలి డ్రయ్యరు కింద వదిలేసి పక్కకు పోతే ప్రాణానికే మోసం. డాక్టరు కుక్కను చూసేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో. ఒళ్లంతా చేత్తో తడిమి చూసేది గ్రూమరే. అందుకని చర్మం కింద గడ్డ ఉంటే ముందు తగిలేది ఆ చేతికే. అలా గడ్డలు పట్టుకుని యజమానుల్ని ఆస్పత్రికి తరిమిన సందర్భాలు అక్కకు ఉన్నాయి.

ఊళ్లకు వెళ్లేటప్పుడు స్నేహితులు కుక్కల్ని అక్క దగ్గర వదిలి వెళ్లడం అప్పుడే మొదలైంది. అక్క వాళ్లుండేది డాలస్‌కు ఉత్తరాన, మన తెలుగువాళ్లు బాగా ఉన్న ఊళ్లలో ఒకటి. వేసవి సెలవుల్లో, డిసెంబరులో వీధికి సగం ఇళ్లు ఇండియాకు బయల్దేరతాయి. అప్పట్లో బయట బోర్డింగులో రోజుకు 40, 50 డాలర్లు. అదీ కాక కొత్తచోట వరసగా పంజరాల్లో పెడితే కొన్ని కుక్కలు బెంగతో తిండి మానేస్తాయి. వీధి మలుపులో ఉండే మనవాళ్ల బ్రూనో అలాంటివాడే. వాడు రెండు వేసవులు అక్క ఇంట్లోనే ఉన్నాడు. ఒకసారి చెవిలో చీము పడితే పూటపూటా శుభ్రం చేసి మందు వేసింది. వాళ్లు తిరిగొచ్చాక ఒక పూతరేకుల డబ్బా ఇచ్చి, "మీ రుణం తీర్చుకోలేం అక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

2019లో అక్క ఇదే పనిని ఇంట్లో పద్ధతిగా పెట్టుకుందామనుకుంది. గ్యారేజీలో సగం గ్రూమింగుకు, వెనక గది బోర్డింగుకు. ఎవరికీ చెప్పకుండా ఫోను యాప్‌లలో పేరు పెట్టేసుకుని ఇదే వ్యాపారం చేసేవాళ్లు అడుగడుగునా ఉన్నారు. అక్క ఒప్పుకోలేదు. వీసా మీద బతికేవాళ్లం, రేపు ఎవరైనా కాగితం అడిగితే చూపించేలా ఉండాలంది.

ఆ కాగితం ఇవ్వాల్సింది ఊరి పురపాలక సంఘమే. ఊళ్లో ఇళ్లు ఇక్కడ, దుకాణాలు అక్కడ అని గీత గీసే అధికారం పురపాలక సంఘానికి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1926లో తేల్చింది. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే ఊరి కేసది. ఇదే టెక్సాస్‌లో హ్యూస్టన్ ఈ పద్ధతిని 1948లో, 1962లో, 1993లో ఓటేసి మరీ వద్దంది. తక్కిన పెద్ద ఊళ్లు దాదాపు అన్నీ పాటిస్తాయి. ఇంట్లో ట్యూషన్ చెప్పుకోవచ్చు, లెక్కలు రాసుకోవచ్చు. కుక్కల్ని డబ్బు తీసుకుని రాత్రిళ్లు ఉంచుకుంటే మాత్రం అక్క వాళ్ల ఊళ్లో అది కెనెల్ కింద లెక్క. నివాసాల జోన్‌లో దానికి స్పెసిఫిక్ యూజ్ పర్మిట్ కావాలి. అర్జీ పెట్టాలి, ఇంటి ప్లాను గీయించాలి, ప్లానింగ్ కమిషన్ ముందు విచారణ, ఆపైన సిటీ కౌన్సిల్ ఓటు.

చట్టం ప్రకారం 200 అడుగుల లోపల స్థలమున్న ప్రతి యజమానికీ ముందుగా నోటీసు వెళ్తుంది. ఇష్టం లేనివాళ్లు సంతకం చేసి రాసిస్తారు. ఆ సంతకాలను తలల లెక్కన లెక్కపెట్టరు, నేల లెక్కన కొలుస్తారు. చుట్టూ ఆ 200 అడుగుల విస్తీర్ణంలో 20 శాతం నేల యజమానులు వద్దంటే, కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలదు. మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది సరేననాలి.

ఈ చట్టాన్ని నేను తప్పుపట్టను. పక్కింట్లో పది కుక్కలు తెల్లవార్లూ మొరుగుతుంటే నిద్రపోలేని మనిషికి నోరెత్తే చోటు ఒకటి ఉండాలి. మన హైదరాబాదులో అపార్టుమెంటు పక్కన రాత్రికి రాత్రి ఫంక్షన్ హాలు లేస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలియక నలిగిపోయినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది.

నోటీసులు వెళ్లకముందే అక్క స్వయంగా ఇల్లిల్లూ తిరిగింది. ఒక కాగితం మీద అన్నీ రాసి పట్టుకెళ్లింది. ఒకసారి నాలుగు కుక్కలకు మించవు. రేబిస్ టీకా, కెనెల్ దగ్గు టీకా ఉంటేనే చేర్చుకుంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత ఒక్క కుక్క కూడా పెరట్లో ఉండదు. కార్లు ఒకేసారి రాకుండా వేళలు వేరువేరుగా ఇస్తుంది. రేట్లు కూడా కింద రాసింది. బ్రూనో వాళ్లింట్లో ఆ కాగితం ఇస్తూ, "మీకు సగమేలే" అంది. వాళ్లు కాఫీ ఇచ్చి, "మీలాంటివాళ్లు పైకి రావాలక్కా" అన్నారు.

అయినా కొందరు వ్యతిరేకిస్తూ రాశారు. అందులో అక్క వాళ్ల పక్కింటి నర్సు ఒకామె. తెల్లావిడ. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోతుంది. తన పడకగది కిటికీ అక్క వాళ్ల పెరటి వైపే ఉందని, పగలు మొరిగితే తన ఉద్యోగానికే ముప్పని రాసింది. అందులో కాదనడానికేముంది? అక్క వెళ్లి ఆవిడతో కూర్చుంది. కుక్కల్ని తిప్పే చోటును పెరట్లో అవతలి వైపుకు మార్చి, కిటికీ వైపు రెండో వరస చెక్కల కంచె కట్టిస్తానంది. ఊరికే మాట ఇచ్చి ఊరుకోలేదు, ఆ షరతును పర్మిట్లోనే రాయమని సిటీ ఆఫీసును కోరింది. నర్సు తన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. ప్లానింగ్ కమిషన్ సరేనంది. ఆఫీసువాళ్లు కొలిచి చూస్తే వ్యతిరేకత 17 శాతం. ఇక అడ్డు లేదనుకున్నాం.

కౌన్సిల్ సమావేశానికి ముందు రోజు ఆఫీసు నుంచి అక్కకు మెయిల్ వచ్చింది. మ్యాపు మీద వ్యతిరేకించిన ఇళ్లకు ఎర్రరంగు పూసి పంపారు. చివరి గడువులో ఇంకో ఉత్తరం చేరింది. మలుపు ఇల్లు కాబట్టి స్థలం పెద్దది. ఆ ఒక్కదానితో లెక్క 20 శాతం దాటిపోయింది.

అది బ్రూనో వాళ్ల ఇల్లు. భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేశారు. దుర్వాసన, కార్ల రద్దీ, ఇళ్ల ధరలు పడిపోవడం అంటూ ఒక పేజీ నిండా రాశారు. తమ కుక్క రెండు వేసవులు అక్క ఇంట్లోనే ఉందన్న మాట ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండింది. ఎదురుగా వెళ్లి అడుగుదామన్నాను. అక్క వద్దంది. "రాసే హక్కు వాళ్లకుంది. రేపు ఇల్లు అమ్ముకోవాలనుకుంటున్నారేమో, ధర గురించి నిజంగానే భయపడ్డారేమో. నర్సు చెప్పినట్టు వాళ్లూ నాతో చెప్పుంటే దానికీ ఏదో దారి చూసేదాన్ని" అంది. అసూయ అనుకున్నాను నేను. మనవాళ్లలో ఒకరు పైకొస్తుంటే రెండోవాళ్లు ఓర్వలేరన్న పాత మాటే నాకు తోచింది.

సమావేశంలో మాట్లాడదలచినవాళ్లకు మూడేసి నిమిషాలిచ్చారు. నర్సు డ్యూటీకి వెళ్లే బట్టల్లోనే వచ్చి, ఈవిడ నా నిద్ర గురించి నాకంటే ఎక్కువ ఆలోచించింది, పర్మిట్ ఇవ్వండి అని చెప్పి పరుగున వెళ్లిపోయింది. అక్క తను చదివిన చదువు, ఇక్కడ చేసిన పని, ఒప్పుకున్న షరతులు చెప్పింది. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. మేయరుతో కలిపి కౌన్సిల్‌లో ఏడుగురు. అయిదుగురు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు. మామూలుగా అయితే గెలిచినట్టే. నాలుగింట మూడొంతులంటే ఆరుగురు కావాలి. అర్జీ కొట్టివేశారు. ఆ అయిదుగురిలో ఒకాయన బయటికొచ్చి అక్కకు క్షమాపణ చెప్పాడు.

ఆ తర్వాతి ఆదివారం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. గ్యారేజీలో బిగించడానికి తెచ్చిన స్టీలు తొట్టిని వెనక్కి పంపడానికి ఇద్దరం అట్టపెట్టెలో సర్దుతున్నాం. ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక అక్క స్పీకర్ పెట్టింది. బ్రూనో వాళ్లావిడ.

"అక్కా, బాగున్నారా? డిసెంబరు పదిహేనుకు ఇండియా వెళ్తున్నాం. సంక్రాంతి చూసుకునే రావడం. బ్రూనోను మీ దగ్గర వదులుదామని. వాడికి మీరు తప్ప ఇంకెవరూ పడరు కదా!"

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నాకు పర్మిషన్ రాలేదమ్మా. మీకు తెలుసు కదా" అంది.

"అయ్యో, తెలుసక్కా. అందుకే ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. డబ్బులు తీసుకుంటేనే పర్మిషన్ కావాలట, స్నేహితుల కుక్కను ఊరికే ఉంచుకుంటే అక్కర్లేదట. ఆ ఉత్తరం ఇవ్వడానికి సిటీ ఆఫీసుకు వెళ్లినప్పుడు మావారు కౌంటర్లో ముందు అదే అడిగి కనుక్కున్నారు."