శిబిరంలో పెద్దదిక్కు

పిల్లల శిబిరంలో సేవ చేయడానికి విదేశం వెళ్లే వాలంటీరు రెండు నమ్మకాలతో విమానం దిగుతాడు. తను లేకపోతే పిల్లలకు గడవదన్నది మొదటిది. మధ్యమధ్య కాస్త తీరిక దొరుకుతుందన్నది రెండోది. రెండోది మర్నాడు పొద్దున్నకే పోతుంది. మొదటిది పోవడానికి వారం పడుతుంది. రెండూ పోయాకే అతను అక్కడ కుదురుకున్నట్టు.

ఈ తరహా మనిషి, సి.ఐ.ఎస్.వి. అనే సంస్థ నడిపే, ‘గ్రామాలు’ అని పిలిచే అంతర్జాతీయ పిల్లల శిబిరాల్లో పుష్కలంగా కనిపిస్తాడు. లోకంలో శాంతి నిలవాలంటే పిల్లలతో మొదలుపెట్టాలని నమ్మిన అమెరికన్ మనస్తత్వవేత్త డోరిస్ ఆలెన్ ఈ గ్రామాలకు మూలం. మొదటిది 1951లో సిన్సినాటిలో జరిగింది. ఇల్లు వదిలి ఉండగలిగేంత పెద్దవాళ్లు, పరాయివాళ్ల మీద అభిప్రాయాలు ఇంకా గట్టిపడనంత చిన్నవాళ్లు అన్న లెక్కతో పదకొండేళ్ల వయసును ఎంచుకున్నారు. ఒక్కో దేశం నుంచి ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు వస్తారు. వాళ్ల వెంట 21 ఏళ్లు నిండిన లీడరు ఒకరు. ఇలా పది పన్నెండు దేశాలవాళ్లు మూడు నాలుగు వారాలు ఒకేచోట ఉంటారు. లీడరుకు జీతం ఉండదు. నలుగురి పాస్‌పోర్టులు, చేతిఖర్చు డబ్బులు, మందులు, ఎవరికి ఏది పడదో రాసిన చీటీ మాత్రం అతని సంచిలోనే ఉంటాయి. రెండు రోజుల్లో నాలుగు తడి సాక్సులు కూడా వచ్చి చేరతాయి. అవి ఎవరివని అడిగితే నలుగురూ తమవి కావంటారు.

లీడర్లలో ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకం పట్టికలవాడు. ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో రంగు పెన్సిళ్లతో గీసి గోడకు అంటిస్తాడు. పిల్లలు ఆ పట్టికను మెచ్చుకుంటారు, స్నానం మాత్రం చేయరు. రెండో రకం స్నేహితుడు. నన్ను పెద్దవాడిగా చూడొద్దని మొదటిరోజే ప్రకటిస్తాడు. ఆ రాత్రి పడుకోమని చెప్పినప్పుడు పిల్లలు ఆ ప్రకటననే అక్షరాలా పాటిస్తారు. మూడో రకంలో ఆడా మగా తేడా లేదు, అందరిదీ తల్లిప్రాణమే. తమకు చలేస్తే పిల్లలచేత స్వెటర్లు వేయిస్తారు.

శిబిరం స్వీడన్‌లో, అదీ జులై మొదట్లో అయితే లీడరుకు మొదటి ఓటమి సూర్యుడి చేతిలో. స్టాక్‌హోమ్ దగ్గర ఆ రోజుల్లో రాత్రి పదికి గాని పొద్దు కుంకదు, తెల్లవారుజామున నాలుగు కాకుండానే మళ్లీ వచ్చేస్తుంది. చీకటి పడింది, ఇక పడుకోండి అనే మాట అక్కడ చెల్లదు. వేసవి సెలవులకు ఖాళీ అయిన బడిలో, తరగతి గదిలో పరిచిన పరుపుల మీంచి పిల్లలు కిటికీ వైపు వేలు చూపిస్తారు. లీడరు దగ్గర జవాబు ఉండదు. జోలపాట పాడే ఆనవాయితీ అందుకే అక్కరకొస్తుంది. పాట పూర్తయ్యేసరికి గదిలో ఒక గురక వినిపిస్తుంది. అది పాడినవాడిదే.

రెండో ఓటమి భోజనాల బల్ల దగ్గర. పొద్దున్నే అప్పడంలా విరిగే గట్టి రొట్టె, దాని మీద ట్యూబులోంచి పిండుకునే చేపగుడ్ల ముద్ద. పళ్లు తోమే పేస్టును ఎవరో మరిచిపోయారనుకుని ఆ ట్యూబును స్నానాల గదిలో భద్రంగా పెట్టివచ్చిన లీడరూ ఉంటాడు. గురువారం పసుపు బఠాణీల సూపు, దాని వెనకే జామ్ రాసిన పాన్‌కేకులు. ఈ రెండింటికీ ఏం చుట్టరికమని అడిగితే, గురువారం కదా అంటారు. మిఠాయిలు శనివారమే తినాలన్నది అక్కడి ఇళ్లలో చాలా మంది పిల్లలకు అలవాటు. మిగతా దేశాల పిల్లలు ఆ నియమాన్ని వెంటనే అంగీకరిస్తారు, కాకపోతే శనివారం ఎప్పుడన్న విషయంలో వాళ్ల అభిప్రాయం వేరు. తెలుగు లీడరైతే పెట్టెలో ఆవకాయ సీసా ఉంటుంది. పిల్లలకోసమని అమ్మ కట్టింది. పిల్లలు మూడోరోజుకే రొట్టె, చేపగుడ్లకు అలవాటుపడిపోతారు. రాత్రిళ్లు ఆ సీసా మూత తీసేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

దినచర్య జెండా చుట్టూ చేరి పాడే పాటతో మొదలవుతుంది. తరవాత ఒళ్లు వేడెక్కడానికి గంతుల పాటలు. ఇక్కడ లీడరు మూడు దశలు దాటాలి. మొదటివారం చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడతాడు. రెండోవారం పెదాలు కదుపుతాడు. మూడోవారం మధ్యలోకి వెళ్లి, బ్యాంకులో తన కింద పనిచేసేవాళ్లెవరూ చూడకూడని విధంగా, మోచేతులు ఆడిస్తూ గెంతుతాడు.

పాట అయ్యాక శుభ్రం చేసే వంతు. నాలుగైదు దేశాల పిల్లలతో కలిపి కట్టిన జట్టుకు ఒకరోజు వంటిల్లు, ఒకరోజు వరండా, ఒకరోజు మరుగుదొడ్లు. అమ్మ ఎంత అరిచినా ఇంట్లో చీపురు ముట్టనివాడు ఇక్కడ బ్రష్షు పట్టుకుని పిల్లలకు మెళకువలు నేర్పుతాడు. ఆ ఫొటో మాత్రం ఇంటికి పంపడు. పంపితే తిరిగి వెళ్లాక తన వంతు ఏమవుతుందో అతనికి తెలుసు.

లీడరు అసలు వృత్తి తలలు లెక్కపెట్టడం. బస్సెక్కే ముందు నాలుగు, దిగాక నాలుగు, చెరువు గట్టున నిమిషానికోసారి నాలుగు. మూడే వస్తే గుండె జారుతుంది. ఐదొస్తే ఇంకా కంగారు, ఎందుకంటే ఆ ఐదోవాడికోసం వేరే దేశపు లీడరొకడు ఈపాటికి ఎక్కడో ఈల ఊదుతుంటాడు.

పిల్లలు నిద్రపోయాక లీడర్ల సమావేశం. రేపటి బస్సు ఎన్నింటికి, వేడినీళ్లు ఎవరు అవగొట్టారు, బిస్కెట్ల డబ్బా ఎలా ఖాళీ అయింది అన్నవి ఒక్కొక్కటే చర్చకు వస్తాయి. బిస్కెట్ల విషయం తేలకుండా కొత్త బిస్కెట్లు తింటూ సాగుతుంది. ప్రపంచశాంతి జాబితాలో చివర ఉంటుంది. దాని వంతు వచ్చేసరికి అందరూ ప్రశాంతంగానే ఉంటారు, కళ్లు మూసుకుని.

ఇంటిబెంగ కూడా వరసప్రకారమే వస్తుంది. మొదటి రాత్రులు పిల్లలు ఏడుస్తారు, లీడరు ఓదారుస్తాడు. నాలుగైదు రోజుల్లో వాళ్లు టీషర్టులు మార్చుకుని, వ్యాకరణంతో పనిలేని ఇంగ్లీషులో బ్రెజిల్‌తోనూ జపాన్‌తోనూ ఒప్పందాలు కుదుర్చుకుంటారు. వాక్యం తప్పులేకుండా కూర్చుకునే ప్రయత్నంలో ఉన్న లీడరు అప్పటికి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడి ఉండడు. అతని బెంగ రెండోవారం మొదలవుతుంది. ఓ పదకొండేళ్ల పిల్ల అది కనిపెట్టి, శనివారం నాటి మిఠాయిల్లో తనకు నచ్చనిది ఒకటి తెచ్చి అతని చేతిలో పెడుతుంది. పిల్లలు కుదురుకోవడానికి లీడరు తోడొస్తాడని నిబంధనల్లో ఉంటుంది. జరిగేది తిరగేసి చదువుకోవాలి.

శిబిరం ముగిశాక ఈ లక్షణాలు కొన్నాళ్లు వదలవు. లిఫ్టులో మనుషుల్ని లెక్కపెడతాడు. ఆఫీసు మీటింగు మందగిస్తే అందర్నీ లేచి గెంతమంటాడు. చాలామందికి నెలలో తగ్గిపోతాయి. తగ్గనివాళ్లు మరో ఏడాది సొంత ఊళ్లో జరిగే శిబిరానికి నిర్వాహకులవుతారు. ఇన్ని దేశాల మనుషులకు ఇన్ని వారాలకు టాయిలెట్ పేపరు చుట్టలు ఎన్ని కావాలో లెక్క తేల్చే పని వాళ్లకే పడుతుంది.