కీళ్లనొప్పులవాళ్లు వినకూడని ఏడు సలహాలు

మోకాళ్లు నొప్పులని ఒక్కసారి నోరు జారితే చాలు, సలహాలు వరస కడతాయి. ఎదురింటి పిన్నిగారు, పెళ్లిలో కలిసిన బావగారు, వాట్సాప్ గ్రూపు... అందరూ మన మేలు కోరేవాళ్లే కాబట్టి కాదనలేం. కానీ ఆ సలహాల్లో చాలావాటి సారం ఒక్కటే: కదలకు. మంచి మనసుతో చెప్పే ఆ మాటే మనుషుల్ని వయసుకు ముందే మంచానికి కట్టేస్తోంది. మన ఇళ్లలో రోజూ వినబడే ఈ ఏడు సలహాల్నీ దయచేసి వినకండి.

1. ‘గుజ్జు అరిగిపోయింది, ఇక నడవకండి’

ఎక్స్‌రేలో కనబడే అరుగుదలకీ, మనిషి పడే బాధకీ లెక్క కుదరదు. బాగా అరిగినా హాయిగా తిరిగేవాళ్లున్నారు. కొద్దిపాటి అరుగుదలకే విలవిల్లాడేవాళ్లూ ఉన్నారు. మనం గుజ్జు అనే ఆ మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. నొక్కి వదిలిన స్పాంజి నీళ్లు పీల్చుకున్నట్టు, బరువు పడి లేచినప్పుడల్లా అది కీలులోని ద్రవం నుంచి పోషణ తీసుకుంటుంది. కదలడం మానేస్తే ఆ పోషణా తగ్గుతుంది, తొడ కండరమూ సన్నబడుతుంది. కండరం మొయ్యాల్సిన భారం కీలు మీద పడుతుంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, కీళ్ల అరుగుదల ఉన్న ప్రతి ఒక్కరికీ వ్యాయామం చెప్పమన్నాయి. గ్లూకోసమిన్ మాత్రలు మాత్రం ఇవ్వొద్దన్నాయి.

2. ‘నడుం పట్టేసిందా? వారం రోజులు మంచం దిగొద్దు’

హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల్లో నడుంనొప్పితో వచ్చినవాళ్లను మూడు జట్లు చేసి చూశారు. ఒక జట్టును రెండు రోజులు మంచం మీదే ఉండమన్నారు. ఇంకో జట్టుకు నడుం వ్యాయామాలు చెప్పారు. మూడో జట్టును ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమన్నారు. 1995లో అచ్చయిన ఆ అధ్యయనంలో అందరికన్నా ముందు కోలుకున్నది మూడో జట్టే. అయితే కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా డాక్టరుకు చూపించుకోవాలి.

3. ‘ఈ వయసులో బరువులేమిటి?’

ఈ వయసులోనే కావాలి. బోస్టన్‌లో తొంభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. 1990లో ప్రకటించిన ఆ ఫలితాల్లో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

ఇంట్లో మొదలుపెట్టడానికి ఒక్క కుర్చీ చాలు. జారకుండా గోడకు ఆనించండి. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ఛాతీ ముందుకు వంచి, తొడల మీద చేతులు ఆనించకుండా లేవండి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. ఎనిమిది పదిసార్లు చేసి, కాస్త ఆగి ఇంకో విడత చేయండి. కష్టమైతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. తేలికైపోతే నీళ్ల సీసా గుండెకు హత్తుకుని చేయండి.

4. ‘రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా, చాలు’

వాకింగ్ గుండెకు, షుగరుకు మంచిదే. అదొక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం. 65 దాటినవాళ్లకు కనీసం మూడు రోజులు, తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన కూడా కావాలి. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, ఒంటికాలి మీద నిలబడడం అందులోవే.

5. ‘నొప్పి పుడితే ఆపెయ్యండి’

కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొంచెం నొప్పి మామూలే. భరించగలిగేలా ఉండి, మర్నాటికల్లా ఎప్పటి స్థాయికి వచ్చేస్తే మీరు చేస్తున్నది సరైన మోతాదే. మర్నాడు కూడా తగ్గకపోతే చేసే సంఖ్య తగ్గించండి, పూర్తిగా మానకండి. కీలు వాచి ఎర్రబడి వేడెక్కితే మాత్రం డాక్టరుకు చూపించండి.

6. ‘ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమే’

పది రోజులు కరెంటు పెట్టించుకుని, నొప్పి తగ్గగానే మానేసి, మళ్లీ రాగానే ఫిజియోథెరపీ పనిచెయ్యలేదంటారు. యంత్రం కాసేపు ఉపశమనం ఇస్తుందేమో గానీ, కండకు బలం ఇవ్వదు. మంచి ఫిజియోథెరపిస్టు మీ నడక చూస్తారు, లేచి కూర్చోమంటారు, ఇంట్లో చేసుకోవడానికి నాలుగు వ్యాయామాలు నేర్పి, రెండు వారాల తర్వాత మోతాదు పెంచుతారు. అలా నేర్పకపోతే మీరే అడగండి. నొప్పి పోయాక కూడా ఆ వ్యాయామాలు సాగాలి, ఎందుకంటే మానేస్తే వచ్చిన బలం పోతుంది.

7. ‘నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాను’

అన్నిటికన్నా ప్రేమగా చెప్పేది, అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. మంచినీళ్లు చేతికందించి, బట్టలారెయ్యనివ్వక, మేడ మెట్లెక్కనివ్వక అమ్మను చూసుకుంటున్నామనుకుంటాం. మంచం పట్టిన పెద్దవాళ్ల కాళ్లలో కండ రోజుల్లోనే తరుగుతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అమ్మ చెయ్యగలిగిన పని అమ్మనే చెయ్యనివ్వండి. పడతారని భయమైతే బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, జారే పట్టాలు తీసెయ్యండి, మెట్ల దగ్గర లైటు పెట్టండి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆమె పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కలిసి లేచి కూర్చోండి. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మీకూ అది అవసరమే.