రహీం సాబ్ మెడలో ఈలను

నేను ఇత్తడి ఈలను. నా పొట్టలో చిన్న బెండు గోళీ ఉంటుంది. గాలి తగిలితే అది గిరగిరా తిరుగుతుంది, నా గొంతు లేస్తుంది. ఎవరి ఊపిరి దక్కితే వారి బతుకే ఈలకు బతుకు. నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గారి ఊపిరి దక్కింది. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కోచ్. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ రహీం సాబ్.

దేశానికి ఆయన పేరు చెబితే జకార్తా గుర్తొస్తుంది, మెల్‌బోర్న్ గుర్తొస్తుంది. నాకు మాత్రం హైదరాబాద్ పొద్దులు గుర్తొస్తాయి. మ్యాచ్ రోజున మైదానంలో మోగేది రెఫరీ ఈల. కోచ్ ఈల జేబులో ఉండిపోవాలి. ఆట సాగినంతసేపూ కోచ్ చేయగలిగింది చాలా కొద్ది. చేయాల్సిందంతా అంతకుముందే, చూసే జనం లేని ప్రాక్టీసులో అయిపోవాలి. ఆ పనికి సాక్షిని నేనే. అందుకే ఆ పొద్దుల సంగతే ఎక్కువ చెబుతాను.

ఆయన ముందు బడిపంతులు. ఉస్మానియాలో చదివి కాచిగూడ బడిలోనూ మరికొన్ని బళ్లలోనూ పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అప్పుడు అధ్యక్షుడు ఎస్.ఎం. హాది, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడిన మనిషి. ఇద్దరూ కలిసి ఊరి ఆటకు ఒక పద్ధతి తెచ్చారు. పంతులు గుణం రహీం సాబ్‌ను మైదానంలోనూ వదల్లేదు. తప్పు చేసినవాణ్ని కేకలేయడం కన్నా ఆ తప్పు చేయడానికి వీల్లేని పాఠం తయారుచేయడం ఆయనకు ఇష్టం.

ఆ పాఠాల్లో రెండింటిని నేను మరవలేను. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే బంతి తన్నాలని ఆయన పోటీలే నడిపేవారు. కుడికాలు తగిలిందా, నేను మోగేదాన్ని. పేరున్న ఆటగాళ్లు సైతం మొదట తడబడేవాళ్లు. బంతి ఒకవైపు పోతే ఒళ్లు ఇంకోవైపు పోయేది. నెలలు గడిచేకొద్దీ నేను మోగే అవసరం తగ్గుతూ వచ్చేది. ఈలకు పని తగ్గడమే కోచ్‌కు గెలుపని నాకు అప్పుడే అర్థమైంది.

రెండోది డ్రిబ్లింగ్ లేని ఆట. బంతి కాలికి రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, దాన్ని పట్టుకుని పరిగెత్తకూడదు. మన కుర్రాళ్లకు ఇది ప్రాణసంకటం. నలుగురిని తప్పించుకుని వెళ్తే జనం చప్పట్లు కొడతారు కదా! రహీం సాబ్ లెక్క వేరు. మన ఆటగాళ్లు సన్నగా, పొట్టిగా ఉంటారు. బలమైన ఒంటితో ఢీకొంటే ఓడేది మనమే. బంతి మాత్రం ఏ మనిషికన్నా వేగంగా పోతుంది, దానికి ఆయాసం రాదు. కాబట్టి పరిగెత్తాల్సింది బంతి, మనిషి చేయాల్సింది ఖాళీ జాగా వెతుక్కోవడం. బంతి అందకముందే అది ఎవరికి వెళ్లాలో తెలిసి ఉండాలి. పొడవుగా తన్ని వెనకాల పరుగెత్తే ఆటకు అలవాటుపడ్డ దేశంలో ఇది కొత్త చదువు.

ఆ చదువు ఎంత పనిచేసిందో చూడండి. బొంబాయిలో రోవర్స్ కప్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు మావాళ్లదే. ఢిల్లీ డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961ల్లో గెలిచారు. చివరిసారికి జట్టు పేరు ఆంధ్రా పోలీస్. 1950 ఫైనల్ తలుచుకుంటే ఇప్పటికీ నాలో గోళీ కదులుతుంది. ఎదుట మోహన్ బగాన్. రెండు గోల్స్ వెనకబడి, రెండూ తిరిగి కొట్టి, మళ్లీ జరిగిన ఆటలో 1-0తో గెలిచారు. మ్యాచ్ చివర్లోనూ కాళ్లలో సత్తువ మిగిలిందంటే, అది పొద్దుటి కసరత్తు చలవే. ఆ ఆటగాళ్లంతా పోలీసు కొలువు చేసేవాళ్లన్న సంగతి మరవకండి.

దేశం జట్టు బాధ్యతా ఆయన మీదే పడింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌పై గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10. మనవాళ్లు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. రహీం సాబ్ ఆ ఓటమిని బడికి తెచ్చుకున్నారు. ఆ దెబ్బతో భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1953లో హంగరీ వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన తీరు ఆయనను ఎంతగానో కదిలించింది. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దింపి, ఎదుటి డిఫెండర్ ఎవరి వెంట పోవాలో తేల్చుకోలేని పరిస్థితి కల్పించడం ఆ ఆటలోని కీలకం. 1958లో బ్రెజిల్ 4-2-4 అమరికతో ప్రపంచ కప్ గెలిచేనాటికే ఆ దిశగా ఆలోచిస్తున్న కోచ్ మన ఊళ్లో ఉన్నాడని ఈ తరానికి చెప్పుకోవాలి.

ఆయన కన్ను మరో వరం. లష్కర్ (సికింద్రాబాద్) శివారు అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం. ప్రాక్టీసుకు రావడానికి చేతిలో పైసల్లేవు. సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి రప్పించింది రహీం సాబ్. ఆ కుర్రాడు హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ ఆడాడు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ కూడా ఆ జట్టులో ఉన్నారు. మా పొద్దుటి పాఠాలు ఒలింపిక్ మైదానం ఎక్కాయి. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, భారత్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అదే ఇప్పటికీ ఎత్తైన మెట్టు.

నాకు తెలిసినంత దగ్గరగా ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆయన సిగరెట్లు బాగా తాగేవారు. పొగ వాసన నా మూతికి అలవాటే. కానీ పోనుపోను ఆయన ఊదే ఊపిరి పొట్టిదవుతూ వచ్చింది. ఒకప్పుడు మైదానం ఆ చివరకు వినబడేలా మోగినదాన్ని, సగంలోనే ఆగిపోయేదాన్ని. మధ్యలో దగ్గు. ఆ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పెరుగుతోంది.

ఆ ఒంటితోనే 1962లో జకార్తా వెళ్లారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ అయిన అతణ్ని రహీం సాబ్ తర్వాత ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌కు ముందు రాత్రి తనకు ఓ కానుక కావాలని ఆయన అడిగిన మాట, ఆటగాళ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. సెప్టెంబర్ 4న స్టేడియంలో దాదాపు లక్షమంది, ఎదుట అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. కానుక దక్కింది. జేబులో ఉన్న నాకు ఆయన గుండె చప్పుడు తెలుస్తూనే ఉంది.

1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. యాభై మూడేళ్లే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. తొలి రోజుల్లోనే ఆయన పేరు తలవాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక చాలామంది పిల్లలు ఆయనెవరని అడిగారట. మంచిదే. వాళ్లు జకార్తాతో ఆగకుండా సిటీ పోలీస్ జట్టు దాకా రావాలని నా కోరిక. ఒకే ఊళ్లో, ఒకే జట్టును పట్టుకుని, పదమూడేళ్లపాటు అవే పాఠాలు విసుగులేకుండా చెప్పినందువల్లే దేశానికి అందాల్సింది అందింది.

ఆ పాఠాలు చేతులు మారాయి. రహీం సాబ్ దగ్గర నేర్చుకున్న పి.కె. బెనర్జీ తర్వాత తానే కోచ్ అయ్యారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు శిక్షణ ఇచ్చినవాళ్లలో ఆయన ఒకరు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, మన హైదరాబాదీ.