గుంజీలే మా వ్యాయామ విద్య

మన బడుల్లో వ్యాయామ విద్య లేదని ఎవరో పుకారు పుట్టించారు. పచ్చి అబద్ధం. హోంవర్కు మరిచిపోతే 50 గుంజీలు, ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, పక్కవాడితో మాట్లాడితే గోడకుర్చీ. గ్రౌండే లేని అపార్ట్‌మెంటు బడుల్లో మెట్లు ఎక్కి దిగడం. ఇంత క్రమం తప్పని కసరత్తు ఏ ఒలింపిక్ శిబిరంలో ఉంటుంది? ఒళ్లు వంచడమంటే జరిమానా కట్టడమేనని పదేళ్లు నిండకుండానే పిల్లలకు ఒంటబడుతుంది.

పీఈటీ పీరియడు టైమ్‌టేబుల్లో భద్రంగానే ఉంటుంది. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారు దాన్ని అప్పు పట్టుకెళ్తారు. ఆ అప్పు తీరిన దాఖలా లేదు. పీఈటీ సారుకేమో ప్రేయర్లో లైన్లు సరిచేయడం, జుట్టు పెంచినవాళ్లను పట్టుకోవడంతోనే సరిపోతుంది.

పొరపాటున ఎప్పుడైనా ఆట జరిగిందనుకోండి. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ ఏరుకుంటారు. చివరికి మిగిలిన బొద్దు పిల్లాణ్ని "వీణ్ని మీరే ఉంచుకోండిరా" అంటూ రెండు జట్లూ ఒకదానికొకటి దానమిస్తాయి. రోజూ తాగొచ్చే తండ్రి కేకలకు ముడుచుకుపోయే పిల్ల, సారు వెనకనుంచి భుజం పట్టగానే ఉలిక్కిపడితే "నాటకాలు!" నెలసరిలో ఉన్న అమ్మాయి కూర్చుంటానంటే కారణం అందరి ముందూ చెప్పాలి, అదీ గట్టిగా.

బడిలో శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండూ కూడవని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అయితే గుంజీలు శిక్ష కాదట, ఎక్సర్‌సైజట! విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. మనవాళ్లు చట్టానికి భయపడేవాళ్లే. 'ఒత్తిడి నివారణ సదస్సు' పెట్టి రెండు గంటలు కదలకుండా కూర్చోబెడతారు. కదిలినవాడికి గుంజీలు.

ఇలా మనసు గాయపడ్డ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఆడించడానికి విదేశీ నిపుణులు దిగిరానక్కర్లేదు. ముట్టుకునే ముందు అడగాలి. జట్లు సారే వేయాలి. ఇవాళ పరుగా, తాడాటా అన్నది పిల్లలే తేల్చుకోవాలి. కూర్చుంటానంటే ఎందుకని నిలదీయకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు. యాజమాన్యాలకు ఆసక్తి లేనిదీ అందుకేనేమో, ఫీజు రసీదులో రాయలేనిదాన్ని చదువనరు కదా!

వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకు సంగతి తర్వాత అడగండి. మా పిల్ల చేత చివరిసారి గుంజీలు తీయించిందెవరు, ఎందుకు అని ముందు అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.