ఖండాఖండ నిర్ణయం: ఒక రైలు మీమాంస

శాస్త్రం మొదలుపెట్టే ముందు నాలుగు అనుబంధాలు చెప్పాలని పెద్దల నియమం. విషయం: ఒకే కథ థియేటర్లో సినిమాగానూ, టీవీలో ఎపిసోడ్లుగానూ వచ్చినప్పుడు ఆన్‌లైన్ డేటాబేసులు దాన్ని ఏ గూట్లో పెట్టాలి? అధికారి: మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో, బిగ్ బీవర్ రోడ్డుకి అటో ఇటో కాపురముంటూ, పగలు కార్ల కంపెనీల పని చేస్తూ, రాత్రి బేస్‌మెంట్‌లో పిల్లలతో కూర్చుని జపాన్ వాళ్ల యానిమే చూసే తెలుగు తండ్రి. ప్రయోజనం: ఇంట్లో శాంతి. సంబంధం: ఏమీ లేదు. ఉంటే దీనికి శాస్త్రం దేనికి?

ఉదాహరణకి 'డీమన్ స్లేయర్' తీసుకుందాం. 2019లో 26 ఎపిసోడ్లు వచ్చాయి. ఆఖరి ఎపిసోడ్‌లో కథానాయకుడు తంజిరో బృందం రైలెక్కింది, సీజన్ అయిపోయింది. ఆ రైలు కదిలింది మాత్రం 2020 అక్టోబర్ 16న, అదీ టీవీలో కాదు, థియేటర్లో. 'ముగెన్ ట్రెయిన్' అనే ఆ 117 నిమిషాల బొమ్మ జపాన్‌లో 'స్పిరిటెడ్ అవే' ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న రికార్డుని దాటేసి, 2021 ఏప్రిల్ 23న అమెరికా చేరింది. అదే ఏడాది అక్టోబర్ 10 నుంచి అదే రైలు టీవీలో 7 ఎపిసోడ్లుగా మళ్లీ బయల్దేరింది. మొదటి ఎపిసోడ్ పూర్తిగా కొత్తది. మిగతా ఆరూ సినిమాని కోసి, అక్కడక్కడ కొత్త అతుకులు వేసినవి.

ఇక్కడే మా ఇంట్లో పూర్వపక్షం లేచింది.

"నాన్నా, నువ్వు చూసింది మూవీ. నేను చూసింది టీవీ ఆర్క్. నా లిస్టులో ఏడు, నీ లిస్టులో ఒకటి."

"ఒరేయ్, రెండిట్లోనూ పోయింది ఆ రెంగోకే కదరా?"

(రెంగోకు ఆ రైలు కథలో చనిపోయే వీరుడు. చూడనివాళ్లు మన్నించాలి. శాస్త్రంలో స్పాయిలర్ దోషం కాదు.)

ముందు లక్షణం స్థిరపరచాలి. తర్కం చదివినవాళ్లకి ఆవు పాఠం గుర్తుండే ఉంటుంది. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా వచ్చి కూర్చుంటుంది, అది అతివ్యాప్తి. కపిలవర్ణంలో ఉండేదే ఆవు అంటే తెల్లావు బయట నిలబడుతుంది, అది అవ్యాప్తి. అలాగే "నిడివి ఎక్కువున్నది సినిమా" అన్నామనుకోండి. 2023లో 'ఓషి నో కో' మొదటి ఎపిసోడ్ గంటన్నర స్లాట్లో వచ్చింది. అదే ఏడాది 'ఫ్రీరెన్' మొదటి నాలుగు ఎపిసోడ్లనీ కలిపి ఒకే రాత్రి రెండు గంటలు వేశారు. ఇవన్నీ సినిమాలు కావాలి, కాలేదు. పోనీ, నిడివి తక్కువున్నది ఎపిసోడ్ అందామంటే, 2024లో వచ్చిన 'లుక్ బ్యాక్' గంట కూడా ఉండదు, అది నిక్షేపంగా సినిమా. మన 'దానవీరశూరకర్ణ' దాదాపు నాలుగు గంటలు నడిచింది. 1977లో దాన్ని సీరియల్ అన్నవాడెవడైనా ఉంటే థియేటర్ నుంచి క్షేమంగా ఇంటికి చేరి ఉండడు.

"థియేటర్లో ఆడిందే సినిమా" అనే రెండో లక్షణాన్ని 'స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో 2199' ఒక్కటే ముంచేసింది. ముందు 2012 నుంచి 2013 దాకా ఏడు విడతలుగా థియేటర్లలో ఆడింది. టీవీకొచ్చేసరికి అదే 26 ఎపిసోడ్లు. థియేటర్లో టికెట్టు కొన్నవాడు చూసింది సినిమానా, ఎపిసోడ్ల మూటనా? మూటే అని నా అభిప్రాయం. టికెట్టు కొన్నవాడు ఒప్పుకోడు.

ఇక డేటాబేసుల సంప్రదాయాలు. 2004లో పుట్టిన మైఅనిమేలిస్ట్ వారు శుద్ధ ద్వైతులు. సినిమాకి ఒక పేజీ, ఏడు ఎపిసోడ్లకి ఇంకో పేజీ, ఎవరి మార్కులు వారివి. ఒకే శవానికి రెండుసార్లు ఏడ్చి, రెండుసార్లు పదికి తొమ్మిది వేసేవాళ్లు ఇక్కడే దొరుకుతారు. టీవీడీబీ వారిది శూన్యవాదం. అక్కడ సీరియల్ పేజీ తెరిస్తే సీరియలే సత్యం. దానికి సంబంధించిన సినిమాని 'స్పెషల్స్' కింద చేరుస్తారు, దాని సీజన్ సంఖ్య సాక్షాత్తూ సున్నా. ఎనిడీబీ వారు విశిష్టాద్వైతులు. సినిమా పేజీ తెరిస్తే లోపల 'కంప్లీట్ మూవీ' అని అఖండం ఒక వరసలో, 'పార్ట్ 1 ఆఫ్ 2', 'పార్ట్ 2 ఆఫ్ 2' అని ఖండాలు కింది వరసల్లో కనిపిస్తాయి. అంగీ, అంగాలూ ఒకే పేజీలో కాపురం.

ఈ చివరి ఏర్పాటు వింతగా కనిపిస్తుంది గానీ దీని వెనక చరిత్ర ఉంది. ఒక సీడీలో పట్టేది 700 మెగాబైట్లు. సినిమా ఫైలు అందులో పట్టక రెండు ముక్కలుగా తిరిగే రోజుల అలవాటు అది. ఇండియన్ స్టోర్లో పప్పూ ఉప్పూ పక్కన తెలుగు సినిమా వీసీడీలు కొన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మొదటి డిస్కు ఇంటర్వెల్ దగ్గర ఆగేది కాదు. పాట మధ్యలో, హీరోయిన్ చెయ్యి గాల్లో ఉండగా ఆగేది. రెండో డిస్కు గీతలు పడి ఉండేది. ఎనిడీబీ లెక్కన మనలో చాలామంది ఎన్నో సినిమాలకి 'పార్ట్ 1' మాత్రమే చూశాం.

సిద్ధాంతానికొద్దాం. చాలా కేసుల్లో చెల్లేది జన్మన్యాయం: మొదట ఎక్కడ వెలిసిందో అదే దాని జాతి. ట్రాయ్‌లో ఈ న్యాయం ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. గ్రీన్ కార్డు వరసలో నీ ఇల్లెక్కడ, పన్నెక్కడ కడుతున్నావు అని అడగరు, ఏ దేశంలో పుట్టావని అడుగుతారు. ముగెన్ ట్రెయిన్ థియేటర్లో పుట్టింది కాబట్టి సినిమా. తర్వాత ఏడు ముక్కలై ఎన్ని ఛానెళ్లు తిరిగినా అది వలసే.

అయితే జన్మన్యాయం ఒక్కటే ఉంటే రెండో పేజీ పుట్టకూడదు. పుట్టింది. ఎందుకంటే ఈ డేటాబేసులకి జ్ఞానం కన్నా లెక్క ముఖ్యం. లైబ్రరీలో ఒక డీవీడీ రెండు అరల్లో ఉండలేదు గనక వర్గీకరణ తప్పదు. కంప్యూటర్లో అర లేదు, బరువు లేదు, ఒక పేజీని రెండు చోట్లా చూపించొచ్చు. చూపిస్తే మా వాడి ఏడు ఏమవుతాయి? వాడి ప్రొఫైల్లో 117 నిమిషాల సినిమాకీ ఒకటే, ఇరవై నాలుగు నిమిషాల ముక్కకీ ఒకటే. లెక్క కట్టి చూశాను. సినిమాని కోసిన ఆరు ఎపిసోడ్లంటే 144 నిమిషాలు. ముందు పాటా వెనక పాటా కలిపి ఒక్కోదానికి మూడు నిమిషాలు తీసేస్తే 126. సినిమా కన్నా ఎక్కువొచ్చేది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల బలంతో వాడు నాకన్నా ఐదు అంకెలు ముందున్నాడు, కొత్తదైన మొదటి ఎపిసోడ్ కలిపితే ఆరు.

మనవాళ్లు ఈ రైలుని ఎదురు దిశలోనూ నడిపారు. 2015, 2017ల్లో రెండు సినిమాలుగా వచ్చిన 'బాహుబలి' 2025 అక్టోబర్ 31న 'ది ఎపిక్' పేరుతో ఒక్కటిగా కలిసొచ్చింది. మధ్యలో 2024లో 'క్రౌన్ ఆఫ్ బ్లడ్' అని 9 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ ఒకటి. మాహిష్మతి ఒకటే, పేజీలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. డీమన్ స్లేయర్ 'ఇన్ఫినిటీ క్యాసిల్' సినిమా 2025 సెప్టెంబర్ 12న అమెరికాలోనూ, తెలుగు డబ్బింగుతో సహా ఇండియాలోనూ విడుదలైంది. అది మూడు సినిమాల వరసలో మొదటిది. రేపు అదీ ముక్కలై టీవీకెక్కితే ఈ శాస్త్రానికి వ్యాఖ్యానం అవసరం పడుతుంది. రాసే ఓపిక నాకు లేదు.

తీర్పు: ముగెన్ ట్రెయిన్ సినిమానే. ఆ సినిమా చూసినవాళ్లు ఏడు ఎపిసోడ్లలో మొదటిది, రెంగోకు రైలెక్కక ముందు కథ, ఒక్కటి చూసుకుంటే చాలు. లిస్టులో ఎన్ని వేసుకుంటారో మీ ఇష్టం, మీ పిల్లల ఇష్టం.